తూకం పుస్తకంలో వాన

డెసికేటర్ అంటే తేమ తగలకుండా వస్తువులను దాచే గాజు పాత్ర. దాని మూత పక్కకు జరిపితే అంచుకు పూసిన గ్రీజు విడిపోయే మెత్తని చప్పుడొకటి వస్తుంది. ఈ ఉదయం కూడా ఆ చప్పుడుకు నాకు అమలాపురంలో మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబూ, రత్నకుమారి మేడమ్ గారూ గుర్తొచ్చారు.

నా ఉద్యోగంలో ఎక్కువ భాగం తూకమే. ఉపగ్రహాలను ఆకాశంలో కొద్దికొద్దిగా నెట్టే ప్లాస్మా థ్రస్టర్‌లో తెల్లటి సిరామిక్ వలయం ఒకటి ఉంటుంది. అదే దాని గోడ. లోపలి వాయువు విద్యుత్తుతో అయాన్లుగా మారి బయటికి దూసుకుపోతుంది. దారి తప్పిన అయాన్లు గోడకు తగిలి దాన్ని కొంచెం కొంచెంగా చెక్కేస్తాయి. గోడ అరిగి వెనుక ఉన్న అయస్కాంతం బయటపడితే థ్రస్టర్ పని అయిపోయినట్టే. అందుకే నడిపే ముందు వలయాన్ని తూస్తాం, నడిపాక మళ్లీ తూస్తాం. తగ్గిన బరువును బట్టి యంత్రం ఎన్నాళ్లుంటుందో లెక్క కడతాం.

మేడమ్ గారిది రాజోలు దగ్గర పల్లె. వాళ్లమ్మగారు ఎండుకొబ్బరి తీసే కూలి పనికి వెళ్లేవారు. ఆ ఇంట్లో కాలేజీ చదువు చదివిన మొదటి మనిషి ఈమే. బస్సు దిగి వచ్చేటప్పుడు ఆమె దగ్గర మూడు వస్తువులు తప్పనిసరి: గొడుగు, క్యారేజీ, పెన్ను. పెన్సిల్‌తో రీడింగ్ రాస్తే ఒప్పుకునేవారు కాదు. మొదటి సంవత్సరం వర్షాకాలంలో నేను తూసిన ఉప్పు పొద్దున ఒక బరువు, సాయంత్రం ఇంకో బరువు చూపించింది. రెండోది కొట్టేసి మొదటి అంకే వేశాను. ఆమె నా వెనకే నిలబడి ఉన్నారు.

“ఎందుకు కొట్టేసేవు?”

“తప్పొచ్చిందండి.”

“తప్పని నీకెవరు చెప్పేరు? ఉప్పు చెప్పిందా?”

మర్నాడు ఆమె క్యారేజీలో రెండు ఎండుకొబ్బరి ముక్కలు తెచ్చారు. రెండూ తూయించి, ఒకటి డెసికేటర్‌లో, ఒకటి కిటికీ గట్టు మీద పెట్టించారు. బయట వాన. సాయంత్రానికి కిటికీ ముక్క బరువెక్కింది.

“మా అమ్మ చేత్తో పట్టుకుని చెప్పేసేది, ఇందులో నీళ్లున్నాయని. మీకు చెయ్యి చాలదని త్రాసు ఇచ్చేరు. దానికి కొబ్బరీ తెలీదు, నీళ్లూ తెలీదు. బరువొక్కటే తెలుసు. మిగతాది మీరు చూసుకోవాలి,” అన్నారు. తరువాత నావైపు చెయ్యి చూపించి, “పొడి ముక్క మీరందరూ తినండి. ఆ మెత్తబడింది ఇతనికి పెట్టండి, బరువు తూగుతాడు,” అన్నారు. ఆ రోజు నుంచి మా పుస్తకాల్లో బరువుకు ముందు ‘వాన’ అనే గడి గీయించారు.

చాలా ఏళ్ల తరువాత, వేరే ఊళ్లో, ఒక కొత్త గోడకు మొదటి చిన్న పరీక్ష, గాలి తీసేసిన పెట్టెలో, నేనే చేశాను. నడిపాక వలయం బరువు తగ్గలేదు. ‘అరుగుదల లేదు’ అని రిపోర్టు ఇచ్చాను. ఆ గోడనే ఖాయం చేయడానికి సోమవారం మీటింగ్ పెట్టారు. ఆదివారం, మేడమ్ గారు చర్చి నుంచి వచ్చే వేళ చూసి ఫోన్ చేశాను.

“అసలు అరగలేదండీ. ఓ పిసరు పెరిగింది కూడానండి.”

“ఆయ్. దెబ్బలు తిని లావెక్కిందన్నమాట.”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

“తీసేక ఎక్కడ పెట్టేవు?”

“బల్ల మీదండి. శూన్యంలోంచి వచ్చింది కదండీ, పొడిగానే ఉంటుంది.”

“ఎంతసేపు?”

“భోజనానికి వెళ్లొచ్చేనండి.”

“నువ్వు భోంచేస్తుంటే అది పస్తుంటుందా? ఆ రోజు వానా?”

“గుర్తులేదండి,” అన్నాను. ఉద్యోగంలో చేరాక ఆ గడి గీయడం మానేశాను. ఏసీ గదిలో వానతో పనేమిటనుకున్నాను. మొదటిసారి ఓవెన్‌లో ఎండబెట్టి తూసిన వలయాన్ని రెండోసారి ఎండబెట్టకుండానే తూశాను. అరిగిన బరువును అది పీల్చుకున్న తేమ పూడ్చేసింది.

“రిపోర్టు ఇచ్చేసేవా?”

“ఇచ్చేసేనండి. రేపే మీటింగండి.”

“అయితే రేపు అందరి కంటే ముందు వెళ్లు.”

వెళ్లాను. తప్పు నాదని చెప్పాను. మా పై అధికారి, “మరి అరిగింది ఎంత?” అని అడిగారు. తెలియదన్నాను. వలయాన్ని ఎండబెట్టి, డెసికేటర్‌లో చల్లార్చి తూశాం. మేము ఆశించిన దానికంటే ఎక్కువే అరిగింది. అది అలాగే పైకి వెళ్లి ఉంటే మధ్యలో ఆగిపోయేది. బాగుచేయడానికి అక్కడికి ఎవరూ వెళ్లలేరు. గోడ డ్రాయింగు మొదటి నుంచి గీయాల్సి వచ్చింది. పై అధికారి కొన్ని వారాలు నాతో పని మాట తప్ప వేరే మాట మాట్లాడలేదు. మేడమ్ గారికి ఫోన్‌లో చెబితే, “పాత అంకె కొట్టేయకు. రెండూ ఉండనీ,” అని మాత్రం అన్నారు.

ఆమె పోయి రెండు వర్షాకాలాలైంది. ఆ పేజీలో రెండు అంకెలూ అలాగే ఉన్నాయి. ఈ ఉదయం కొత్త గోడ వలయాన్ని త్రాసు మీద పెట్టి, అంకె నిలిచేదాకా ఆగాను. ముందు మొదటి గడి నింపాను: వాన, రాత్రి నుంచి. తరువాత బరువు రాశాను, పెన్నుతో.