రుమాలు వెనక్కి వచ్చింది

ఇవాళ కాజీపేట దోస్తులం ముగ్గురం సముద్రం దగ్గరి గోదావరి పాయల్లో పొద్దంతా పడవ షికారు చేశాం. నిజానికి ఇది యాదగిరి కోరిక. రైలింజనులో బొగ్గేసే మా యాదగిరి మొన్న ఎండాకాలం చనిపోయాడు. వాడి మసి రుమాలును కొబ్బరికాయకు కట్టి, సముద్రంలో కలుస్తుందిలే అని పొద్దున నీళ్లలో వదిలాం. సాయంత్రం తిరిగొస్తుంటే అది మా పడవ వెనకే తేలుతూ వచ్చింది.

"పోటండి. సముద్రం నీళ్లని ఎనక్కి తోసేస్తాదండి," అన్నాడు పడవాయన.

"పోటు గాదు, వాడే. మనతోని ఇంటికొస్తాండు," అన్నాడు మా రాజయ్య.

చెరువులు తప్ప ఎరగని మాకు రాజయ్య మాటే నిజమనిపించింది. తడి రుమాలును రైల్లో పక్క సీటు మీద ఆరేశాం. ఎవరో వచ్చి, "ఇక్కడ ఎవరన్నా ఉన్నారా?" అని అడిగారు.

"ఉన్నడు," అన్నాం ముగ్గురం ఒక్కసారే.

మీరే చెప్పండి, అబద్ధమాడామా?