ఒకే పొయ్యి

మా సందులో కుట్టుమిషనక్క అంటే తెలియనివాళ్ళు లేరు. మనిషిని చూసి కంటితోనే చొక్కా కొలత చెప్పేసేది. "ఈమధ్య కాస్త ఒళ్ళు చేశావు" అని నలుగురిలో పరువు కూడా తీసేది. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయాక చిన్న తమ్ముణ్ణి ఆ మిషను మీదే పెంచి పెద్దచేసింది. ఇప్పుడతనికి భార్య, ఇద్దరు ఆడపిల్లలు. అక్క పడక పక్క గదిలో, భోజనం తమ్ముడి ఇంట్లో.

పెద్ద రోడ్డు వస్తోంది, మీ సందు పోతుంది అన్నారు. బదులుగా ఊరి చివర ఇళ్ళిస్తారట. సర్వేకి వచ్చిన అమ్మాయి ఎంతమంది అని అడగలేదు. "ఎన్ని పొయ్యిలు?" అంది. రోడ్డుకి డబ్బిచ్చే విదేశీ బ్యాంకు నియమమట: ఒక పొయ్యికి ఒక కుటుంబం, ఒక ఇల్లు. ఆ సంగతి ముందే పొక్కింది కాబట్టి మేమంతా గదికో పొయ్యి పెట్టేశాం. మా ఇంట్లో మూడు! అక్క మాత్రం, "నేనూ మా తమ్ముడూ వేరా ఏంటి? మాది ఒకటే పొయ్యి" అంది. ఎంత గొప్పగా అందో! ఆ నోరు నొక్కేయాలనిపించింది నాకు.

జాబితాలో అక్క పేరు లేదు. తమ్ముడికిచ్చిన ఇంట్లో నలుగురికి మించి ఉండకూడదు. అక్క ఆఫీసుకి పరిగెత్తింది.

"మీరు ఆధారితులమ్మా" అన్నాడు గుమాస్తా.

"ఎవరి మీద ఆధారపడ్డాన్నాయనా? వాడికి అన్నం పెట్టింది నేను!"

మా ఓట్లతో గెలిచిన పెద్దమనిషి దగ్గరికీ వెళ్ళాం. "అభివృద్ధి అన్నాక కాస్త సర్దుకోవాలి తల్లీ" అన్నాడు. "సర్దుకోడానికి చోటేదండీ?" అంది అక్క. ఆయన నవ్వాడు. సిగ్గులేని నవ్వు.

చివరికి గుమాస్తాయే దారి చెప్పాడు. ఆ ఇంటివాళ్ళతో బంధుత్వం లేదు, అద్దెకుంటూ వేరే వండుకుంటున్నాను అని రాసివ్వాలి. తమ్ముడు సాక్షి సంతకం పెట్టాలి. అబద్ధమని తేలితే ఇద్దరి ఇళ్ళూ పోతాయి. తమ్ముడు కళ్ళు తుడుచుకుంటూనే సంతకం పెట్టాడు. తనిఖీ అయ్యేదాకా ఇటు రావద్దంది మరదలు. ఆమెనీ అనలేం, పిల్లలున్నారు.

అక్క గదిలో కొత్త పొయ్యి వెలిగింది. నెల రోజులు ఒక్కతే తింది. "గోడవతల కంచాల చప్పుడు వినిపిస్తుంటే ముద్ద దిగడం లేదే" అని నా దగ్గర ఏడ్చింది. చిన్నది పొరపాటున "అత్తా" అని పిలిస్తే, పలక్కుండా తలుపేసుకుంది.

తనిఖీ అధికారి వచ్చాడు. పొయ్యి చూశాడు, గిన్నెలు చూశాడు. గుమ్మంలో నిలబడ్డ తమ్ముణ్ణి అడిగాడు.

"ఈవిడ మీకేమవుతారు?"

"మా అ..." అంటూ ఆగిపోయాడు తమ్ముడు.

అక్క గబుక్కున అందుకుంది. "వీళ్ళకి నేనేమీ కానండీ. అద్దెకుంటున్నాను."

"ఎన్నాళ్ళుగా?" అన్నాడు అధికారి, తమ్ముడి మీంచి చూపు తిప్పకుండా. పుట్టి బుద్ధెరిగాక అక్కని "ఏమే" అనడమే తప్ప ఎరగడు వాడు. అక్కవైపు తిరిగాడు.

"ఎన్నాళ్ళుగా ఉంటున్నారో... మీరే చెప్పండి."

అక్క వాడి మొహంలోకి చూసింది.

"చాలా ఏళ్ళయిందండీ" అంది.

అధికారి రాసుకున్నాడు.