వెనక సీటు కమ్మీ

కమ్మీల మేస్త్రీ అంటే షెడ్డుల వీధిలో తెలియనివాళ్లు లేరు. కారు మలుపులో ఒళ్లు విరుచుకుంటూ ఊగిపోతోందని ఎవరైనా వస్తే, బానెట్ ఎత్తి రెండు వైపుల స్ప్రింగుల నెత్తిన ఒక ఇనుప కమ్మీ అడ్డంగా బిగించేవాడు. అడుగున ఇంకొకటి, డిక్కీలో మరొకటి. దాంతో బండి బిర్రబిగుసుకుని, స్టీరింగ్ ఎటు తిప్పితే అటు మారుమాట లేకుండా తిరిగేది. బండి జాకీ మీద ఉండగానే బిగించేసేవాళ్లంటే ఆయనకు ఒళ్లుమంట. నాలుగు చక్రాలూ నేలకానాకే ఆఖరి బిగింపు. ఆ తర్వాత తనే నడిపి చూస్తే గానీ తాళం ఇచ్చేవాడు కాదు. ఆయన లెక్కలో పరీక్షంటే అదే, స్టీరింగ్ ముందు కూర్చోవడం.

సొంత కారుకైతే ఆరు కమ్మీలు, పైగా గట్టి స్ప్రింగులు. "కారు కొన్నారా, రోలు కొన్నారా?" అని భార్య ఎక్కినప్పుడల్లా ఎకసెక్కమాడేది. ఆయన మురిసిపోయేవాడు. మగవాళ్లకు కొన్ని తిట్లు పొగడ్తల్లా వినిపిస్తాయి మరి.

ఆవిడ వెన్నుపూసల్లోకి జబ్బు పాకాక, వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. వెనక సీట్లో దిండ్లు వేసి పడుకోబెట్టేవాడు. మొదటి రోజే వీధి చివర గుంతలో చక్రం పడగానే ఆవిడ మూలిగిన మూలుగుకు మేస్త్రీ గుండె కలుక్కుమంది. వేరే కారు పిలుద్దామని బావమరిది అన్నాడు గానీ, ఆయన నడిపితేనే నాకు ధైర్యమని ఆవిడే ఒప్పుకోలేదు.

ఆ సాయంత్రమే మేస్త్రీ మెత్తని స్ప్రింగులు వేశాడు. ఇరవై ఏళ్లలో ఎవరి బండికీ చేయని పని తన బండికి చేశాడు, కమ్మీలు విప్పాడు. ఐదు విప్పి, డిక్కీలో వెనక సీటుకు ఆనుకుని ఉన్న ఆరోదాన్ని ఉంచేశాడు. అది లేకపోతే మలుపులో బండి వెనక భాగం ఊగుతుందని, ఆవిడ దొర్లిపోతుందని ఆయన భయం. నడిపి చూస్తే చేతికి వెన్నలా ఉంది.

"ఇప్పుడెలా ఉంది?" అని మర్నాడు దారిలో అడిగాడు.

"బాగానే ఉందండీ."

మూడు నెలలు ప్రతిసారీ అడిగాడు. ప్రతిసారీ అదే జవాబు. నమ్మాలని ఉంది కాబట్టి నమ్మాడు.

ఆవిడ పోయిన రోజున ఆమెను ఆసుపత్రి బండిలో ముందుగా పంపారు. ఈ స్థితిలో నడపొద్దని బావమరిది మేస్త్రీ దగ్గర తాళం తీసుకున్నాడు. ఆ కారు వెనక సీట్లో మేస్త్రీ కూర్చోవడం అదే మొదటిసారి. ఆవిడ దిండు ఒళ్లో పెట్టుకుని వెనక్కి ఒరిగాడు. వీధి చివర గుంత వచ్చింది. దెబ్బ సీటు వెనకనుంచి నేరుగా వెన్నులోకి దిగింది.

"కాస్త మెల్లగా పోనీరా."

"నీకన్నా మెల్లగానే పోతున్నా, బావా."

మేస్త్రీ దిండును దగ్గరకు లాక్కున్నాడు. దిండు అంచు వేళ్లకు గరుగ్గా తగిలింది. చూస్తే ఆ మూలంతా పళ్లగాట్లు, బట్ట చిల్లులు పడిపోయి ఉంది.

కారు ఆపమన్నాడు. దిగి డిక్కీ తెరిచి, పానా తీసుకుని ఆరో కమ్మీ విప్పడం మొదలుపెట్టాడు. ఇంటి దగ్గర అందరూ ఎదురుచూస్తున్నారని బావమరిది ఎంత చెప్పినా వినలేదు. విప్పి రోడ్డు పక్కన పడేసి, మళ్లీ వెనక సీట్లోనే కూర్చుని, ఆ గుంత మీదుగా ఇంకోసారి పోనిమ్మన్నాడు.

ఈసారి దెబ్బ తగల్లేదు. అప్పుడు ఏడ్చాడు మేస్త్రీ.