చర్చి బురుజు మీంచి మా వడియాలు

మా అమ్మ చర్చి బురుజు ఎక్కింది దేవుడి కోసం కాదు, దొంగ కోసం. ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి నన్ను దబీర్‌పురా నుంచి ఆగమేఘాల మీద రప్పించింది కూడా అందుకే.

లాల్‌దర్వాజాలో మా డాబా, పక్కింటి చిన్నమ్మ డాబా ఆనుకునే ఉంటాయి. మధ్యలో మోకాలెత్తు గోడ, అంతే. ఏటా ఎండాకాలం అమ్మ పాత చీర పరిచి సగ్గుబియ్యం వడియాలు పెడుతుంది. ఈసారి అవి ఎండేలోపే మాయమవుతున్నాయి. అమ్మ ఆ గోడ వైపు ఒక్క చూపు చూసి తీర్పు చెప్పేసింది. నేను పుట్టకముందు నుంచీ ఉన్న స్నేహం, ఒకరింట్లో కూర మరొకరింట్లో తినేంత స్నేహం, వడియాల పాలైంది. చిన్నమ్మను నానా మాటలూ అని, పలకడం మానేసింది. మానేసి సుఖంగా ఉందా? అదీ లేదు. చెప్పుకోవడానికి మనిషి లేక అన్నం సహించడం లేదు. పంతం మాత్రం వదలదు, మహాతల్లి!

దొంగను పట్టాలని ఓ రోజంతా నీళ్ల ట్యాంకు వెనక కాపు కాసింది. "గాడ కూసో, నిన్నెవ్వరు సూడరు" అని చోటు చూపించింది మా బాపే. ఎండకు మొహం మాడింది తప్ప కాకి కూడా వాలలేదు.

ఇక మిగిలింది చర్చి. రెండు గల్లీల అవతల నిజాం కాలంనాటి రాతి కట్టడం. చిన్నమ్మ వాళ్లు వెళ్లేది అక్కడికే. ఆదివారం ప్రార్థన అయ్యాక గంట ఉన్న బురుజు మీదికి ఎవరినైనా ఎక్కనిస్తారు. పైనుంచి మా డాబా బాగా కనిపిస్తుంది. ప్రార్థన కాగానే చిన్నమ్మ ఇంటికెళ్లి వడియాల మీద పడుతుందని, పైనుంచి రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోవచ్చని అమ్మ ప్లాను. చెబితే నవ్వుతాడని, ఉస్మాన్‌గంజ్ బజారుకు మిరపకాయల కోసం పోతున్నానని బాపుకు చెప్పి, నమ్మకం కుదరడానికి సంచీ కూడా పట్టుకొచ్చింది.

మెట్లు ఇరుకు, చీకటి, నిండా పావురాల రెట్ట. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఓ మెట్టుకు "యేసయ్యా" అంటుంది, ఇంకో మెట్టుకు "మాంకాళమ్మ తల్లీ" అంటుంది.

"ఇద్దర్ని పిలుస్తున్నవ్, ఎవరొస్తరే అమ్మా?"

"ఎవరు ఖాళీగుంటే వాళ్లొస్తరు. నువ్వు నడువు!"

పైకొచ్చేసరికి గాలి మొహాన కొట్టింది. చార్మినార్, మసీదు గుమ్మటాలు, లెక్కలేనన్ని నల్ల ట్యాంకులు, దూరంగా నత్తనడక నడుస్తున్న రైలు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే అమ్మ నా మోచెయ్యి గిల్లింది. "మినార్లు యాడికి పోవు గని, మన డాబా సూపియ్యి."

ఫోన్ కెమెరా జూమ్ చేసి పట్టాను. మా డాబా మీద ఎవరూ లేరు. కిందికి చూస్తే చిన్నమ్మ చర్చి ఆవరణలో అందరికీ మజ్జిగ పోస్తోంది.

"ఇది ఇంటికి పోదేంది?" అమ్మ పళ్లు కొరికింది. "ఇంకెంతసేపు పోస్తదట!"

అంతలో డాబా మీదికి ఓ మనిషి వచ్చాడు. వడియాల పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎండీ ఎండని వడియం ఒలవడం, నోట్లో వేసుకోవడం, ఖాళీ కనిపించకుండా పక్కవాటిని జరపడం. ఎంత పనితనం! కెమెరా ఇంకాస్త జూమ్ చేశాను. బాపు. బీపీ ఉంది, ఉప్పు ముట్టొద్దని డాక్టర్ చెప్పిన మా బాపు.

"ఏం కనపడ్తలేదే, మస్తు ఎండ కొడుతున్నది" అని ఫోన్ దాచబోయాను. లాక్కుంది.

"ఓ మనిషీ!" అని బురుజు మీంచి ఒక్క కేక పెట్టింది. పావురాలు లేచిపోయాయి. కింద జనమంతా తలెత్తి చూశారు. బాపు మాత్రం ఇంకో వడియం ఒలుచుకున్నాడు.

తిడుతుందనుకుంటే, అమ్మ మొహం చిన్నబోయింది. "అయ్యో, దాన్ని దొంగను జేస్తినిగదనే!"

మోకాళ్ల సంగతే మరిచిపోయి దిగింది. జనాన్ని తోసుకుంటూ పోయి చిన్నమ్మ ముందు నిలబడింది.

"చెల్లె, మా ఆయ్నే తింటుండు."

"ఎర్కే అక్కా. రోజు సూస్తనే ఉన్న."

"మరి చెప్పవేందే? నిన్ను గన్ని మాటలంటి గద!"

చిన్నమ్మ గ్లాసు నింపి అమ్మ చేతిలో పెట్టింది. "చెప్తే ఆయ్నతోని మాట్లాడుడు బంద్ వెడ్తవ్. నాకు ఈడ గింతమంది ఉన్నరు. బావకు నువ్వు దప్ప ఎవరున్నరక్కా?"

అమ్మ గ్లాసు పట్టుకుని అంతమందిలో భోరున ఏడ్చింది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి, చెప్పొద్దూ. కాసేపటికి అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, "గంత బీపీ ఉన్నోడు ఉప్పు తింటుంటే సూస్కుంట ఊకున్నవానే, నీకు బుద్ధుందా?" అని మొదలుపెట్టింది. ఇన్నాళ్లు దాచుకున్న మాటలన్నీ వస్తూనే ఉన్నాయి. చిన్నమ్మ మజ్జిగ పోయడం ఆపేసి, పక్కన కుర్చీ లాక్కుని వింటూ కూర్చుంది.