తోక చివర మునిగేదాకా

సినాయ్ కొండల కింద మా గుడారాలవాళ్లలో ఉవైద్ పేరు తెలియనివాడు లేడు. ఇసుకలో అడుగు చూస్తే చాలు, ఆ మనిషి ఎవరో, ఏ పూట నడిచాడో చెప్పేసేవాడు. ఒంటె జాడను బట్టి అది చూలుతో ఉందో లేదో చెప్పేవాడు. తప్పిపోయిన ఒంటెల్ని పదకొండింటిని వెతికి తెచ్చాడు. రెండు తెగల ఏడేళ్ల పగను ఒక్క పూట కాఫీతో చల్లార్చాడు. డెబ్బై దాటినా తీర్పు కోసం మూడు లోయలవాళ్లు అతని గుడారానికే వచ్చేవారు. ఇవన్నీ అతనూ చెప్పుకునేవాడు, మేమూ చెప్పుకునేవాళ్లం. అన్నీ నిజాలే మరి.

చెప్పనిది ఒక్కటుంది.

ఆ ఉదయం ముత్లఖ్ అనే కుర్రాడు రొప్పుకుంటూ వచ్చాడు. ఎవరో జీపు తోలుకుంటూ పోయి వాడి కాపలా కుక్కను గుద్ది చంపారట.

"న్యాయం చెప్పు మామా! జాడలు చూసి వాణ్ని పట్టుకో."

ఉవైద్ గడ్డం నిమురుకుని, తాతల నాటి ఆచారం చెప్పాడు. "కాపలా కుక్కను చంపితే, దాన్ని తోక పట్టి వేలాడదీయాలి. మూతి నేలకు తగలాలి. చంపినవాడు పైనుంచి గోధుమలు పోస్తూ పోవాలి. తోక చివర మునిగేదాకా పోయాలి. ఆ రాశంతా కుక్క యజమానిది. యజమాని చాలు అన్నప్పుడే తగువు తీరినట్టు."

"ఎంత పడుతుందో నుసైర్ మామనడుగు, ఆయనకి అనుభవమేగా!" అన్నాడు ముత్లఖ్. గుడారమంతా గొల్లుమంది.

మూలన కూర్చున్న నుసైర్ కూడా నవ్వాడు, కాఫీ గిన్నెలోకి చూస్తూ. నలభై నాలుగేళ్లుగా అలాగే నవ్వుతున్నాడు. 'కుక్కను చంపిన నుసైర్' అంటేనే ఆయన్ను గుర్తుపడతారు. ఆయన కొడుక్కి పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లు ఆ పేరు వినే వెనక్కి పోయారు.

ఉవైద్ కాఫీ గిన్నె కింద పెట్టేశాడు.

నలభై నాలుగేళ్ల కిందట, వానలు లేని ఏడు అది. ఉవైద్ ఒంటెపిల్లను తోలుకొస్తుంటే ఫిద్దా అనే వితంతువు కుక్క దాని కాళ్ల కిందికి ఉరికింది. బెదిరిద్దామని రాయి విసిరాడు. అది కణతకు తగిలింది. కుక్క కిక్కురుమనలేదు. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం అదే దారిన నుసైర్ గడ్డిమోపుతో నడిచాడు. ముందురోజే ఆ కుక్క తన మేకపిల్లను కరిచిందని ఫిద్దాతో కొట్లాడాడు కూడా. పెద్దలు ఉవైద్‌నే పిలిచి, "చూడు నాయనా, ఎవరి అడుగులున్నాయి?" అన్నారు. అతను వంగి చూశాడు. "ఫిద్దావి. నుసైర్‌వి," అన్నాడు. రెండూ నిజమే. మూడో జాడ మీద తనే నిలబడి ఉన్నాడు. జాడలు చూసేవాడి జాడల్ని ఎవరు చూస్తారు?

"నేను కాదు బాబోయ్! గరిటె కాల్చండి, నాలికతో నాకుతాను! అబద్ధమైతే నాలిక కాలిపోనీ!" అని నుసైర్ మొత్తుకున్నాడు. ఉవైద్ కళ్లుండగా గరిటె ఎందుకన్నారు పెద్దలు.

కుక్కను వేలాడదీసి పట్టుకోవడానికి బలమైన చెయ్యి కావాలన్నారు. ఆ చెయ్యి కూడా ఉవైద్‌దే. తోక పట్టుకుని వంగి నిలబడితే, నుసైర్ ఏడుస్తూ విత్తనాల గోధుమలు సైతం పోశాడు. గింజలు వచ్చి పిడికిలికి తగిలాయి. ఆ చల్లదనం ఇప్పటికీ ఆ వేళ్లలోనే ఉంది. మరుసటి ఏడు విత్తడానికేమీ లేక నుసైర్ రేవులో మూటలు మోయడానికి పోయాడు.

"ఏం మామా, మాట్లాడవేం? జీపు జాడ చూద్దువుగాని రా," అని ముత్లఖ్ తొందరపెట్టాడు.

"ఫిద్దా కుక్కను చంపింది నేను," అన్నాడు ఉవైద్.

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"రాయి నాది. జాడా నాదే. తొక్కి దాచేశాను." కోడలి వైపు తిరిగాడు. "సాలిహా, గోధుమ బస్తాలు తేమ్మా."

గుడారం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎవరి ముందూ తల వంచని మనిషి. కుక్క ఎత్తు అతని చేతికి కంఠస్థం. పిడికిలి బిగించి, సరిగ్గా అంత ఎత్తున గాల్లో పట్టుకున్నాడు. "కుక్క మట్టైపోయింది. ఇదే తోక అనుకోండి. ముత్లఖ్, నాకు చేతులు ఖాళీ లేవు, నువ్వు పొయ్యి."

బస్తాలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. రాశి పక్కలకు జారిపోతోందే తప్ప పిడికిలిని అందుకోలేదు.

"ఇంకోటి తే."

"మామయ్యా, మిగిలింది విత్తనాలదే," అంది సాలిహా.

"అదే తే తల్లీ."

గింజలు మణికట్టు దాకా, వేళ్ల కణుపుల దాకా వచ్చి, పిడికిలిని కప్పేశాయి. అందరూ నుసైర్ వైపు చూశారు. ఫిద్దా తగువు ఆనాడే తీరింది, ఇప్పుడు చాలు అనాల్సింది ఆయనే.

నుసైర్ లేచి వచ్చి రాశి పక్కన గొంతుక్కూర్చున్నాడు. గుప్పెడు గింజలు తీసి చూసి, మళ్లీ అందులోనే వదిలేశాడు.

"ఆ రోజు నీ చెయ్యి ఒణకలేదురా ఉవైద్," అన్నాడు నెమ్మదిగా. "పోసేవాణ్ని కదా, నాకు తెలుసు. బండలా పట్టుకున్నావు. ఇప్పుడెందుకు ఒణుకుతున్నావు?"

నుసైర్ చేతికంటిన దుమ్ము దులుపుకున్నాడు.

"గింజలు సరే, తింటాను. నా కొడుకు పెళ్లి ఏ బస్తాలోంచి తీస్తావు?"

లేచి, కాలిజోడు తొడుక్కుని, తన గుడారం వైపు నడిచాడు. చాలు అనలేదు.

ముత్లఖ్ తల గోక్కున్నాడు. "మరి నా కుక్క సంగతి మామా?"

"జాడలు చూడటానికి ఇంకొకర్ని పిలుచుకో నాయనా," అన్నాడు ఉవైద్.

ఎండ నడినెత్తికొచ్చింది. కోడలు నీళ్లు తెచ్చి నోటికందించింది. చెయ్యి తీసుకోమని బతిమాలింది. అతను కదల్లేదు. నుసైర్ వెళ్లిన అడుగులు ఇసుకలో ఒకదాని వెనక ఒకటి స్పష్టంగా పడి ఉన్నాయి. ఉవైద్ వాటినే చూస్తూ, గింజల్లో పిడికిలి అలాగే బిగించి కూర్చున్నాడు.