తియ్యటి విషం

పాలిస్టర్ దారం తయారుచేసే ఫ్యాక్టరీలో పాతికేళ్లు పనిచేశాను. అందులో వాడే ఇథిలీన్ గ్లైకాల్ గురించి కొత్తగా చేరిన వాళ్లకు నేనే చెప్పేవాణ్ణి: రంగూ వాసనా ఉండదు, తియ్యగా ఉంటుంది, కానీ విషం. కార్ల రేడియేటర్లో పోసే, రంగు కలిపిన కూలెంట్‌లో ఉండేదీ అదే.

రిటైరయ్యాక చిలకలగూడలో ఉంటున్నాను. ఒక ఉదయం నా పాత కారు కింద ఆకుపచ్చటి మడుగు కనిపించింది. మెకానిక్ వచ్చి పైపు మార్చాక కడగొచ్చులే అనుకుని లోపలికి వెళ్లాను.

ఎదురింటి ముసలమ్మకు ఒక కుక్క ఉండేది. ఎండ పెరిగితే వచ్చి నా కారు నీడలో పడుకునేది. ఆ సాయంత్రం అది తూలుతూ నడిచింది. కారు కింది మడుగును చాలావరకు నాలుకతో నాకేసింది. అది తాగిందేమిటో నాకు అర్థమైంది. కానీ మర్నాడు అది మామూలుగా తిరిగేసరికి గండం గడిచిందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మూడోరోజు అది లేవలేదు. ఇద్దరం ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం.

"కిడ్నీలు ఖరాబైనయ్. మొదటి రోజే తెస్తే జెర ఆశ ఉండె," అన్నాడాయన.

అది ఆమె ఒళ్లోనే పోయింది.

"నా కారు కింద కారిందే తాగింది, అమ్మా," అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నీకేం తెలుసు బిడ్డా, అది విషమని! పరేషాన్ గాకు."

నేను తల వంచుకున్నాను. నాకు తెలుసని ఇప్పటికీ ఆమెకు చెప్పలేకపోతున్నాను.