అత్తమ్మ ముప్పై రోజాలు

యాభై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. వింటే మీకు నవ్వొస్తుందేమో. నాకూ వస్తుంది. సగం నవ్వాక ఆగిపోతుంది.

నా పెళ్లయిన కొత్త. గుంటూరులో మాది పరుపులు కుట్టే ఇల్లు, కూరలో కూడా దూదిపింజలు కనపడేవి. నాకు నాలుగో నెల. నా కాన్పు సుఖంగా కావాలని అత్తమ్మ మొక్కుకుని, ఆ రంజాన్‌లో ముప్పై రోజాలూ తప్పకుండా ఉంటానంది. నడివేసవి. పొద్దుగూకేదాకా మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. నన్ను మాత్రం వేళకు తినమని కసిరేది. ఆమెకు చెముడు. మగవాళ్లు మసీదుకు వెళ్లేవాళ్లు కాబట్టి, సాయంత్రం అజాన్ వినపడగానే, ఇక రోజా విడవొచ్చని ఆమెకు చెప్పడం నా పని. అప్పట్లో మసీదుకు మైకు లేదు. గుమ్మంలో చెవి ఒగ్గి నిలబడేదాన్ని.

ఒకరోజు పక్కింటి సరోజిని మొదటాటకు రమ్మంది. తను రోజా విడిచాక వెళ్లమంది అత్తమ్మ. ఆ సాయంత్రం మబ్బు పట్టి ముందే చీకటైనట్టుంది. వీధిలో సరోజిని తొందరపెడుతోంది. అత్తమ్మ ఖర్జూరం చేత్తో పట్టుకుని అడిగింది.

"అయిందా అమ్మాయ్?"

"అయింది అత్తమ్మా, ఇప్పుడే."

"సరే, నువ్వు విన్నావుగా."

కళ్లు మూసుకుని దువా చదివి, తింది. నేను చెంబుతో నీళ్లు అందించి పరుగెత్తాను. సందు మలుపు తిరిగామో లేదో, అజాన్ మొదలైంది.

వెనక్కి వెళ్లి చెప్పొచ్చు. ఎందుకు వెళ్లలేదు? భయమా? కాదు, ఆట మొదలైపోతుందని. పైగా ఆ సినిమాకు కడుపు పట్టుకుని నవ్వాను. ఇన్నేళ్లుగా ఎంతో బాధపడుతున్నానని నాకు నేనే చెప్పుకున్నా, ఆ నవ్వు మాత్రం ఇప్పటికీ తియ్యగానే గుర్తుంది. ఇదేం మనసు?

పండగనాడు సేమ్యా పంచుతూ అత్తమ్మ వీధంతా చెప్పింది, ముప్పైకి ముప్పై ఉన్నానని, కోడలే తన చెవులని. నేను తల దించుకుంటే సిగ్గనుకున్నారు. కాన్పు సుఖంగానే అయింది. బొద్దుగా ఆడపిల్ల. మరి అల్లా ఇరవైతొమ్మిదితో సరిపెట్టుకున్నాడా?

పొరపాటున ముందే తిన్నవాళ్లు తర్వాత ఇంకో రోజు ఉంటే సరిపోతుందని ఒక పెద్దావిడ మాటల్లో అంది. అంత తేలిక. నేను నోరు విప్పాలి, అంతే. విప్పలేదు. అత్తమ్మ ఏటా ఆ ముప్పై రోజాల సంగతి నా కూతురికి మురిపెంగా చెప్పేది. ఆమె చెప్పిన ప్రతిసారీ, నిజం చెప్పడం నాకు ఇంకాస్త కష్టమయ్యేది. అలా నమ్మకంతోనే వెళ్లిపోయింది. ఆమె పేరున ఒక రోజా ఉన్నాను. చెల్లిందో లేదో తెలియదు. ఆమె బతికుండగా చెప్పాల్సిన మాటకు అది బదులు కాదని మాత్రం తెలుసు.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్పాను. క్షమించమని అడగను, క్షమించాల్సిన మనిషి లేదు. కానీ ఇవాళ ఇది రాసి లేచాక బాగా ఆకలేసింది. గోంగూర పచ్చడితో మారు అన్నం పెట్టించుకున్నాను.